అన్నవాహిక క్యాన్సర్ పాకుతుందో లేదో జీన్ ఎక్స్‌ప్రెషన్ టెస్టు చెప్పగలదా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి 61 ఏళ్లు, ఊరు ఖమ్మం దగ్గర. మూడు నెలలుగా ముద్ద దిగడం లేదు, ఇప్పుడు జావ, పాలు మాత్రమే పోతున్నాయి. ఎండోస్కోపీలో పళ్ల నుంచి 28 సెంటీమీటర్ల దగ్గర గడ్డ కనబడింది, బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా (లోపలి పొరలోని చదునైన కణాల నుంచి పుట్టే క్యాన్సర్) అని వచ్చింది. సీటీలో గడ్డ పక్కనే ఒక లింఫ్ గ్రంథి కాస్త పెద్దగా ఉందన్నారు. ఈలోగా ఒక ల్యాబ్ తరఫున వచ్చిన మనిషి, "పాకే గుణం ఉందో లేదో జీన్ ఎక్స్‌ప్రెషన్ టెస్టులో తెలిసిపోతుంది" అన్నాడు. ఖర్చు లక్షకు పైనే. పెట్ సీటీకీ (ఒళ్లంతా చూసే స్కాన్) దీనికీ రెండిటికీ డబ్బు సర్దుబాటు కావడం లేదు, ఏది ముందు చేయించాలి అని అడిగారు. చివర్లో మీ చెల్లెలి ప్రశ్న కూడా ఉంది: ఇది పిల్లలకు వస్తుందా, మేమూ టెస్టు చేయించుకోవాలా అని.

పెట్ సీటీ ముందు చేయించండి. ఆ జీన్ టెస్టు ఇప్పుడు మీకు అవసరం లేదు. దానిలో వచ్చే ఏ జవాబు వల్లా నాన్నగారి వైద్యం మారదు. ఎందుకు మారదో వివరంగా చెబుతాను. ఎందుకంటే, ఆ మనిషి చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, అందుకే అది నమ్మబుద్ధేస్తుంది.

నేను పాథాలజిస్టును. ముప్పై ఏళ్లుగా స్లైడ్లు చూస్తున్నాను, అందులో కొన్నేళ్లు జీన్ ఎక్స్‌ప్రెషన్ కొలిచే ల్యాబులోనే పనిచేశాను. ఆ సైన్సు మీద నాకు గౌరవం ఉంది. అందుకే దాన్ని పనికిరాని చోట అమ్ముతుంటే బాధ కలుగుతుంది.

ముందు ఆ మాట అర్థం చూద్దాం. ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే డీఎన్‌ఏ ఉంటుంది, అందులో ప్రోటీన్లు తయారుచేసే జీన్లు సుమారు 20 వేలు. కానీ కాలేయంలోని కణం, అన్నవాహికలోని కణం ఒకేలా ఉండవు. ఏ కణం ఏ జీన్లను వాడుతోంది, ఎంత జోరుగా వాడుతోంది అన్నదే ఎక్స్‌ప్రెషన్. మనవైపు భాషలో చెప్పాలంటే, పాస్‌బుక్కులో పొలం ఎంతో ఎక్కడో ఉంటుంది, ఈ ఏడాది అందులో ఏ పంట వేశారన్నది పహాణీలో ఉంటుంది. డీఎన్‌ఏ టెస్టు పాస్‌బుక్కు చదివినట్టు, ఎక్స్‌ప్రెషన్ టెస్టు పహాణీ చదివినట్టు. జీన్ పనిచేసేటప్పుడు ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది, దాని ఆధారంగా ప్రోటీన్ తయారవుతుంది. టెస్టులు ఈ ఆర్‌ఎన్‌ఏనో, ప్రోటీన్‌నో కొలుస్తాయి. పంట మారినట్టే ఇదీ మారుతుంది. మందు పడితే మారుతుంది, గడ్డలో ఒక మూల నుంచి ఇంకో మూలకు మారుతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ దానికే వస్తాను.

ఇక పాకడం సంగతి. అన్నవాహిక క్యాన్సర్ మిగతా వాటికంటే తొందరగా పాకడానికి సగం కారణం ఆ గొట్టం కట్టుబడిలోనే ఉంది. పేగుల్లో చాలా భాగానికి బయట సీరోసా అనే పల్చటి పొర ఉంటుంది. అన్నవాహికకు ఛాతీలో ఆ పొర లేదు, వదులైన కణజాలం మాత్రమే ఉంటుంది. దానికి ఆనుకునే శ్వాసనాళం, బృహద్ధమని ఉంటాయి. పైగా లింఫ్ నాళాలు లోపలి పొర నుంచే మొదలవుతాయి, గొట్టం పొడవునా పైకీ కిందకీ పరుగెత్తుతాయి. అందుకే ఛాతీ మధ్యలో ఉన్న గడ్డ నుంచి కణాలు పక్కనున్న గ్రంథిని వదిలేసి మెడలోనో, పొట్ట పైభాగంలోనో తేలవచ్చు. ఎడమ కాలర్ ఎముక పైన బిళ్ల కట్టిందేమో డాక్టర్లు వేళ్లతో నొక్కి చూసేది అందుకే. గొంతు బొంగురుపోయిందా అని అడిగేది కూడా ఊరికే కాదు. స్వరపేటికకు వెళ్లే నరం అన్నవాహిక పక్క నుంచే పోతుంది, దాని వెంబడి ఉన్న గ్రంథులు ఉబ్బితే గొంతు మారుతుంది.

ఒక కణం గడ్డను వదిలి బయటికి పోవాలంటే కొన్ని పనులు చేయాలి. పక్క కణాల చేయి వదలాలి. అడ్డున్న పొరను కరిగించుకోవాలి. లింఫ్ నాళంలోకో రక్తనాళంలోకో దూరాలి. కొత్త చోట నిలదొక్కుకోవాలి. ఒక్కో పనికీ కొన్ని జీన్లు ఉన్నాయి. చేయి పట్టి ఉంచే ప్రోటీన్ పేరు ఇ-క్యాడ్‌హెరిన్. స్నెయిల్, స్లగ్, ట్విస్ట్, జెబ్1 అనే జీన్లు విజృంభిస్తే ఇ-క్యాడ్‌హెరిన్ తగ్గిపోతుంది, విమెంటిన్ లాంటివి పెరుగుతాయి, కణం గుండ్రతనం పోయి సాగుతుంది, కదలడం మొదలెడుతుంది. ఎమ్‌ఎమ్‌పీ-7, ఎమ్‌ఎమ్‌పీ-9 లాంటి ఎంజైములు దారి కరిగిస్తాయి. వీఈజీఎఫ్-సీ అనేది కొత్త లింఫ్ నాళాలు మొలిచేలా చేస్తుంది. సీఎక్స్‌సీఆర్4, సీసీఆర్7 అనే గ్రాహకాలు కణాన్ని గ్రంథుల వైపు నడిపిస్తాయి. వీటిలో ప్రతిదాని మీదా అన్నవాహిక క్యాన్సర్‌లో పరిశోధనలు జరిగాయి. ఇవి ఎక్కువగా ఉన్న గుంపులో గ్రంథులకు పాకినవాళ్లు ఎక్కువగా కనబడ్డారు, చాలాసార్లు. ఆ ల్యాబ్ మనిషి చెప్పినదాంట్లో నిజం ఇదే.

ఇది నేను కళ్లారా చూసినదే. సర్జరీలో తీసిన అన్నవాహిక ముక్కను 4 మైక్రాన్ల మందాన కోసి, ఇ-క్యాడ్‌హెరిన్‌కు రంగు వేస్తాం. గడ్డ మధ్యలో ప్రతి కణం చుట్టూ గోధుమరంగు గీత ఉంటుంది, తేనెపట్టు గళ్లు ఎలా ఉంటాయో అలా. స్లైడును మెల్లగా జరుపుకుంటూ గడ్డ లోతట్టు అంచుకు, కండరంలోకి చొచ్చుకుపోతున్న చోటుకు వెళ్తే ఆ గీతలు అక్కడక్కడా తెగుతాయి. ఇంకా ముందుకు జరిపితే కండరపు పోగుల మధ్య నాలుగు కణాలు, రెండు కణాలు, ఒక్కోచోట ఒంటరిగా ఒకే కణం. వాటి చుట్టూ రంగు దాదాపు ఉండదు. అదే స్లైడు, అదే మనిషి, అదే గడ్డ. మధ్యలో కొలిస్తే ఇ-క్యాడ్‌హెరిన్ బాగుందంటాం, అంచులో కొలిస్తే పోయిందంటాం. మధ్యకూ అంచుకూ ఉన్న దూరం బియ్యపు గింజంత కూడా ఉండదు.

ఇప్పుడు మీ నాన్నగారి బయాప్సీ ఎక్కడి నుంచి తీశారో ఆలోచించండి. ఎండోస్కోపీ గొట్టంలోంచి చిన్న చిమటాలాంటి దానితో గడ్డ పైభాగాన్ని ఆరేడు చోట్ల గిల్లి తీస్తారు. ఒక్కో ముక్క రెండు మూడు మిల్లీమీటర్లు. అది పైపొర. పాకే పని జరుగుతున్నది కింద, లోతులో, చిమటా అందని చోట. పైనుంచి గిల్లిన ముక్కను చూసి లోతులో కణాలు ఏం చేస్తున్నాయో చెప్పడం, చెట్టు చివర ఆకు తుంచి వేరుకు పురుగు పట్టిందో లేదో చెప్పడం లాంటిదే. కొన్నిసార్లు చెప్పగలం. లక్ష రూపాయలు పెట్టి నమ్మేంతగా చెప్పలేం.

రెండో చిక్కు ఇంకా లోతైనది. చాలామంది డాక్టర్లు కూడా దీన్ని పట్టించుకోరు. ముక్కను మెత్తగా చేసి ఆర్‌ఎన్‌ఏ తీస్తే అందులో క్యాన్సర్ కణాలదే కాదు, పక్కనున్న మామూలు పొర, రక్తనాళాలు, తెల్ల రక్తకణాలు, గాయం మాన్పే ఫైబ్రోబ్లాస్టులు, అందరి ఆర్‌ఎన్‌ఏ కలిసిపోతుంది. విమెంటిన్, పెరియోస్టిన్ లాంటివి ఫైబ్రోబ్లాస్టులు సహజంగానే బోలెడంత తయారుచేస్తాయి. కాబట్టి రిపోర్టులో "విమెంటిన్ ఎక్కువ, పాకే గుణం ఎక్కువ" అని వస్తే, క్యాన్సర్ కణం గుణం మారిందా, లేక ఆ ముక్కలో ఫైబ్రోబ్లాస్టులు ఎక్కువ పడ్డాయా అన్నది ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. పెద్దపేగు క్యాన్సర్‌లో ఇది చాలా స్పష్టంగా బయటపడింది. చెడు ఫలితాన్ని సూచించే జీన్ల గుర్తు చాలావరకు క్యాన్సర్ కణాల నుంచి కాదు, చుట్టూ ఉన్న కణజాలం నుంచి వస్తోందని 2015లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. చుట్టూ ఉన్న కణజాలమూ ముఖ్యమే, కాదనను. కానీ గిల్లినప్పుడు ఏ ముక్కలో అది ఎంత వస్తుందన్నది చిమటా ఎక్కడ పడిందన్న దాని మీద ఉంటుంది.

మూడోది, ముక్క ల్యాబుకు చేరేదాకా పడే పాట్లు. ఆర్‌ఎన్‌ఏ చాలా సున్నితమైనది. ముక్క తీసిన వెంటనే ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే ద్రవం) వేయాలి, ముక్క పరిమాణానికి పదింతలైనా ఫార్మలిన్ ఉండాలి, తక్కువలో తక్కువ 6 గంటలు, మించితే 72 గంటలు. ఒకసారి ఒక ఆసుపత్రి నుంచి శుక్రవారం సాయంత్రం తీసిన అన్నవాహిక ముక్కలు సోమవారం మా దగ్గరికి వచ్చాయి. మూత తీస్తే ఫార్మలిన్ ఘాటు లేదు. సెలైన్‌లో వేసి పంపారు. ముక్కలు మెత్తబడి, వేలితో తాకితే చెదిరిపోయేలా ఉన్నాయి. ఆ పెద్దాయనకు మళ్లీ ఎండోస్కోపీ చేయాల్సి వచ్చింది. నీళ్లు కూడా మింగలేని మనిషికి రెండోసారి గొట్టం వేయడమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి ముక్క మీద కూడా ఒక మెషిన్ అంకె ఇవ్వగలదు. అంకె వచ్చినంత మాత్రాన అది నిజమని కాదు.

ఇక లెక్కల సంగతి. యాభై మంది పాకినవాళ్లు, యాభై మంది పాకనివాళ్లు అనుకుందాం. ఒక్కొక్కరిలో 20 వేల జీన్లు కొలిచారు. ఏ జీన్‌కూ పాకడంతో ఏ సంబంధమూ లేకపోయినా, నూటికి ఐదు తప్పు పోతుందనే మామూలు హద్దు పెట్టుకుంటే, కేవలం కాకతాళీయంగా వెయ్యి జీన్లు "తేడా ఉంది" అని తేలతాయి. అందులోంచి బాగున్న పదిహేనింటిని ఏరి ప్యానెల్ అంటే, ఆ వంద మంది మీద అది అద్భుతంగా పనిచేస్తుంది. నూట ఒకటో మనిషి దగ్గర తేలిపోతుంది. అందుకే ఏ ప్యానెల్ గురించి విన్నా నేను మొదట అడిగేది ఒకటే: దీన్ని తయారుచేసిన మనుషుల మీద కాకుండా, వేరే ఆసుపత్రిలో వేరే మనుషుల మీద పరీక్షించారా? ఆ ల్యాబ్ మనిషిని మీరూ అడగండి. స్క్వామస్ రకం మీద, మనదేశపు రోగుల మీద చేశారా అని కూడా అడగండి.

ఈ గీటురాయికి నిలబడిన పరిశోధనలు లేకపోలేదు. 2010లో బ్రిటన్ పరిశోధకులు సర్జరీ అయినవాళ్లలో నాలుగు జీన్ల గుర్తు ఒకటి ప్రచురించారు: డీసీకే, పీఏపీఎస్‌ఎస్2, సర్ట్2, ట్రిమ్44. వేరే 371 మంది మీద దాన్ని మళ్లీ పరీక్షించారు. నాలుగింటిలో ఒక్కటి కూడా గతి తప్పనివాళ్లలో ఐదేళ్లు బతికినవారు 58 శాతం. ఒకటి రెండు తప్పినవాళ్లలో 26 శాతం. మూడు నాలుగు తప్పినవాళ్లలో 14 శాతం. చాలా మంచి పని. అయినా ఈరోజుకీ ఏ ట్యూమర్ బోర్డులోనూ (క్యాన్సర్ డాక్టర్లంతా కలిసి కూర్చునే సమావేశం) దాన్ని చూసి వైద్యం నిర్ణయించరు. ఒక కారణం, అది అడినోకార్సినోమా (జిగురు ఊరించే కణాల నుంచి పుట్టే రకం) మీద చేసినది, మీ నాన్నగారిది స్క్వామస్. పెద్ద కారణం ఇంకొకటి ఉంది. 14 శాతం గుంపులో ఉన్నారని తెలిస్తే ఏం చేయాలి? సర్జరీ మానేయాలా? 58 శాతం గుంపు అయితే కీమో వద్దనాలా? ఆ ప్రశ్నలకు జవాబిచ్చే ట్రయల్ జరగలేదు.

రొమ్ము క్యాన్సర్‌లో సంగతి వేరు. అక్కడ 21 జీన్ల టెస్టు ఉంది, 16 క్యాన్సర్‌వి, 5 పోల్చుకోవడానికి. పదివేల మందికి పైగా చేరిన ట్రయల్‌లో, ఆ స్కోరు ఒక హద్దులోపు ఉంటే చాలామందికి కీమో అక్కర్లేదని 2018లో తేలింది. అంటే ఆ టెస్టు జవాబుకు తగ్గ పని ఒకటి చేతిలో ఉంది. అన్నవాహిక క్యాన్సర్‌లో అంతటి టెస్టు ఇంకా లేదు. "బ్రెస్ట్ క్యాన్సర్‌లో చేస్తారు కదా" అని ఎవరైనా అంటే ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

స్క్వామస్, అడినో అన్న తేడా మాటల్లో చిన్నది, మనిషికి చాలా పెద్దది. 2017లో టీసీజీఏ అనే అమెరికా ప్రాజెక్టు 164 అన్నవాహిక గడ్డలను జీన్ల స్థాయిలో పరిశీలించింది. స్క్వామస్ రకం గొంతు, నోటి స్క్వామస్ క్యాన్సర్లకు దగ్గరగా ఉంది, అడినో రకం జీర్ణాశయ క్యాన్సర్‌లో ఒక రకానికి దగ్గరగా ఉంది. ఒకే గొట్టంలో పుట్టిన రెండు వేరువేరు జబ్బులు. అమెరికా, బ్రిటన్‌లలో అడినో ఎక్కువ, మన దేశంలో స్క్వామస్ ఎక్కువ. ఇంటర్నెట్‌లో మీకు కనబడే ఇంగ్లిష్ రాతల్లో చాలావాటిలో చెప్పేది అడినో గురించి. చదివేటప్పుడు మొదట అది ఏ రకమో చూడండి.

మార్కర్, అంటే జబ్బు గుణాన్ని సూచించే గుర్తు, ఎక్కువగా ఉంటే దాన్ని కొట్టే మందు వేస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మాకూ అనిపించింది. అన్నవాహిక క్యాన్సర్‌లో ఈజీఎఫ్‌ఆర్ అనే, కణాన్ని పెరగమని చెప్పే గ్రాహకం ఎక్కువగా కనిపిస్తుంది, అది ఉన్నవాళ్ల ఫలితాలు బాగుండవని ఎన్నో పరిశోధనలు వచ్చాయి. దాన్ని అడ్డుకునే సెటుక్సిమాబ్‌ను కీమో రేడియేషన్‌తో కలిపి బ్రిటన్‌లో స్కోప్1 అనే ట్రయల్ చేశారు. 2013లో ఫలితం వచ్చింది: మందు కలిపినవాళ్లు మధ్యస్థంగా 22.1 నెలలు, కలపనివాళ్లు 25.4 నెలలు. మందు వేసినవాళ్లే ముందుగా పోయారు. ఆ తర్వాత గెఫిటినిబ్ అనే మాత్రతో ఇంకో ట్రయల్, అందరికీ కలిపి చూస్తే ఆయుష్షు పెరగలేదు. అయితే దాచి ఉంచిన ముక్కలను మళ్లీ పరీక్షించి చూస్తే, ఈజీఎఫ్‌ఆర్ జీన్ కాపీల సంఖ్యే పెరిగిపోయిన సుమారు ఐదో వంతు మందిలో మాత్రం మేలు కనబడింది. ఎక్స్‌ప్రెషన్ ఎక్కువగా ఉండటం వేరు, ఆ గడ్డ దాని మీదే ఆధారపడి బతుకుతుండటం వేరు. ఈ పాఠం నేర్చుకోవడానికి వందల మంది రోగులు తమ కాలాన్ని ఇచ్చారు. అందుకే ఎవరైనా ఒక ప్యానెల్ చూపించి తేలిగ్గా మందు రాస్తే నాకు టెన్షన్ వస్తుంది.

మరి పనికొచ్చే మార్కర్లే లేవా అంటే, ఉన్నాయి. అవి "పాకుతుందా" అని చెప్పవు, "ఈ మందు పనిచేస్తుందా" అని చెబుతాయి. మీ నాన్నగారి రకంలో అన్నింటికంటే ముఖ్యమైనది పీడీ-ఎల్1, రోగనిరోధక కణాలను అడ్డుకునే ప్రోటీన్. ఇదీ ఒక ఎక్స్‌ప్రెషన్ మార్కరే, కాకపోతే ఆర్‌ఎన్‌ఏ కాకుండా ప్రోటీన్‌ను స్లైడు మీదే రంగు వేసి చూస్తాం. అందులో మేలు ఏమిటంటే, రంగు పట్టింది క్యాన్సర్ కణానికా, పక్కనున్న తెల్లకణానికా అన్నది కంటికి కనబడుతుంది, ఇందాక చెప్పిన కలగాపులగం ఉండదు. రంగు పట్టిన క్యాన్సర్ కణాలు, లింఫోసైట్లు, మాక్రోఫేజ్‌లు అన్నీ లెక్కపెట్టి, మొత్తం క్యాన్సర్ కణాలతో భాగించి, నూరుతో గుణిస్తాం. దాన్ని సీపీఎస్ అంటారు. కనీసం వంద క్యాన్సర్ కణాలైనా ఉంటేనే లెక్క చెల్లుతుంది.

దీని విలువ ట్రయల్స్‌లో తేలింది. దూరంగా పాకిన లేదా ఆపరేషన్‌కు వీలుకాని జబ్బులో కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చిన కీనోట్-590 అనే ట్రయల్‌లో, స్క్వామస్ రకమై సీపీఎస్ 10 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లు మధ్యస్థంగా 13.9 నెలలు బతికారు, ఉత్త కీమోతో 8.8 నెలలు. ఐదు నెలల తేడా బయటివాళ్లకు చిన్నగా అనిపించవచ్చు, ఇంట్లోవాళ్లకు కాదు. కానీ ఆ మందు ఖరీదు లక్షల్లో ఉంటుంది, అందుకే స్కోరు ఎంతో తెలియకుండా అప్పు చేయవద్దు. నాన్నగారిది అక్కడిదాకా పాకి ఉండకపోతే ఇప్పుడే ఈ టెస్టు కూడా తొందర లేదు. హెర్2, క్లాడిన్ 18.2 అనే ప్రోటీన్ మార్కర్ల గురించి కూడా వింటారు. అవి ముఖ్యంగా అడినో రకానికి, అన్నవాహిక జీర్ణాశయం కలిసే చోటి గడ్డలకు. మీకు ఎవరైనా రాస్తే ఎందుకని అడగండి.

ఇప్పుడు అసలు ప్రశ్న: పాకిందా? దీనికి జవాబు జీన్లలో కాదు, స్కానుల్లో, సూదుల్లో ఉంది. పెట్ సీటీ దూరంగా కాలేయం, ఎముకలు, మెడ, పొట్ట గ్రంథుల్లో జబ్బు వెలుగుతోందేమో చూపిస్తుంది. అది శుభ్రంగా ఉంటే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ గడ్డ ఎన్ని పొరలు దాటిందో, పక్క గ్రంథి ఎలా ఉందో దగ్గరగా చూస్తుంది. గొట్టం ఇరుకైతే ఆ స్కోప్ దిగకపోవచ్చు, దిగలేదని కంగారుపడకండి. 28 సెంటీమీటర్లంటే శ్వాసనాళం చీలే చోటుకు దగ్గర. కాబట్టి బ్రాంకోస్కోపీ చేసి అటువైపు తినేయలేదని చూసుకోవాలి, వాళ్లు చెప్పకపోతే మీరే గుర్తుచేయండి. అనుమానంగా ఉన్న గ్రంథి సూదికి అందితే సూది పరీక్ష చేస్తారు. ఆ ఒక్క సూది పరీక్ష యాభై జీన్ల ప్యానెల్ కంటే ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే అది ఊహ కాదు, క్యాన్సర్ కణాలు అక్కడ ఉన్నాయో లేదో కంటితో చూడటం.

లింఫ్ గ్రంథుల్లో జీన్ ఎక్స్‌ప్రెషన్‌ను వాడిన ఒక మంచి ఆలోచన కూడా ఉంది, అది నాకు ఇష్టమైనది. మైక్రోస్కోపులో శుభ్రంగా కనబడ్డ గ్రంథుల్లో సీఈఏ అనే జీన్ ఆర్‌ఎన్‌ఏ ఉందేమో వెతకడం. లింఫ్ గ్రంథికి ఆ జీన్‌తో పెద్దగా పని లేదు, కనబడితే బయటి కణం ఏదో వచ్చి కూర్చుందన్నమాట. పిట్స్‌బర్గ్‌లో ఒక బృందం 2001లో ఇలా చేసి, గ్రంథులు శుభ్రమని రాసినవాళ్లలోనే సీఈఏ ఎక్కువగా ఉన్నవాళ్లకు జబ్బు తిరగబడటం ఎక్కువని చూపింది. అయినా ఇది మామూలు వాడకంలోకి రాలేదు. గ్రంథిని అందుకు నలిపేస్తే మళ్లీ స్లైడుకు మిగలదు. ఈలోగా వైద్యమే మారిపోయింది, ఇప్పుడు చాలామందికి సర్జరీకి ముందే కీమో, రేడియేషన్ ఇస్తున్నారు. కంటికి కనబడని కణాలను కూడా ముందే కొట్టాలన్నదే దాని ఉద్దేశం.

ఆ పద్ధతి గురించి మీరు తప్పకుండా తెలుసుకోవాలి. క్రాస్ అనే డచ్ ట్రయల్‌లో ఐదు వారాల పాటు వారానికోసారి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్, దాంతోపాటు 23 రోజుల రేడియేషన్ ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేశారు. నేరుగా ఆపరేషన్ చేసినవాళ్లు మధ్యస్థంగా 24 నెలలు బతికితే, వీళ్లు 49.4 నెలలు బతికారు. స్క్వామస్ రకంలో దాదాపు సగం మందికి తీసిన ముక్కలో క్యాన్సర్ కణం ఒక్కటి కూడా మిగల్లేదు. నేను అలాంటి ముక్కలు చూశాను. గడ్డ ఉన్న చోట మచ్చలాంటి గట్టి కణజాలం, అక్కడక్కడా చచ్చిన కెరాటిన్ తునకలు, అంతే. మొత్తం కోసి, పదుల కొద్దీ స్లైడ్లు వెతికి, "ఏమీ మిగల్లేదు" అని రాయడం కంటే సంతోషం మా పనిలో ఇంకోటి లేదు. అన్నవాహిక క్యాన్సర్‌లో నాకు తెలిసిన బలమైన మార్కర్ అదే, ఆపరేషన్ తర్వాత ముక్కలో ఎంత మిగిలింది, ఎన్ని గ్రంథుల్లో ఉంది అన్నది. రిపోర్టులో ఒకటి రెండు గ్రంథులైతే ఎన్1 అని, మూడు నుంచి ఆరైతే ఎన్2 అని, ఏడు లేదా అంతకు మించితే ఎన్3 అని రాస్తాం. ఈ లెక్క నమ్మేలా ఉండాలంటే కనీసం 15 గ్రంథులైనా తీసి చూడాలి, రిపోర్టు వచ్చాక ఆ సంఖ్య చూడండి. ముక్కలో ఇంకా జబ్బు మిగిలి ఉంటే నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇవ్వవచ్చు. అలాంటివాళ్లలో జబ్బు తిరగబడని కాలం 11 నెలల నుంచి 22.4 నెలలకు పెరిగిందని 2021లో వచ్చింది.

జీన్ ఎక్స్‌ప్రెషన్ నిజంగా అక్కరకొచ్చే చోటు ఒకటి ఉంది, అది మీ నాన్నగారి దశ కాదు. గడ్డ పైపొరల్లోనే ఉన్నప్పుడు ఎండోస్కోపీతోనే చెక్కి తీసేస్తారు. తీశాక చూస్తే అది రెండో పొరలోకి కాస్త దిగి ఉంటుంది. ఇప్పుడు అన్నవాహిక మొత్తం తీసేసే పెద్ద ఆపరేషన్ చేయాలా, కీమో రేడియేషన్ ఇవ్వాలా, ఊరుకోవాలా? ఇవాళ మేం లోతు, లింఫ్ నాళంలోకి దూరిందా, కణం తీరు ఎలా ఉంది అనే మూడు చూసి చెబుతున్నాం. వీటికి తోడుగా గ్రంథికి పాకిందో లేదో కచ్చితంగా చెప్పే టెస్టు వస్తే ఎంతోమందికి అన్నవాహిక మిగులుతుంది. దానికోసం జపాన్‌లో, అమెరికాలో చాలా మంది పనిచేస్తున్నారు. అక్కడ గడ్డ మొత్తం చేతిలో ఉంటుంది, అంచు కూడా ఉంటుంది, జవాబు మీద ఆధారపడి చేసే పనీ ఉంటుంది. అది రావాలని మనసారా కోరుకుంటున్నాను.

మీరు ఈ వారం చేయాల్సినవి చెబుతాను. బయాప్సీ చేసిన ల్యాబుకు వెళ్లి, మైనం దిమ్మ, అంటే బ్లాక్, వాళ్ల దగ్గర ఉందో లేదో కనుక్కోండి. రిపోర్టు కాగితం కంటే అది విలువైనది. రేపు పీడీ-ఎల్1 చేయాలన్నా, ఇంకోచోట రెండో అభిప్రాయం అడగాలన్నా అదే ఆధారం. అడిగితే ఇస్తారు, సంతకం పెట్టి తీసుకోండి, ఎండలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి, కరిగిపోతుంది. దాన్ని మొత్తం కోసేసి ప్యానెల్‌కు పంపితే ఆ తర్వాత అవసరమైన టెస్టుకు ముక్క మిగలదు. ఇప్పుడు ఆ ప్యానెల్ వద్దనడానికి ఇది డబ్బు కంటే పెద్ద కారణం. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఏ వైద్యం, ఏ టెస్టులు అందులో వస్తాయో ముందే అడగండి.

తిండి సంగతి వాయిదా వేయకండి. జావ, పాలతో నెలలు గడిస్తే బరువు పడిపోతుంది, రేడియేషన్ తట్టుకోలేరు. ముక్కు ద్వారా సన్నటి గొట్టమో, చిన్నపేగులోకి గొట్టమో వేస్తారు. నేరుగా జీర్ణాశయంలోకి గొట్టం వేద్దామని ఎవరైనా అంటే ముందు ఆపరేషన్ చేసే సర్జన్‌ను అడగండి. అన్నవాహిక తీశాక ఆ జీర్ణాశయాన్నే పైకి లాగి గొట్టంలా మలచాలి, అక్కడ రంధ్రం ఉంటే ఆయనకు ఇబ్బంది. చుట్ట, బీడీ, గుట్కా, మద్యం ఏది ఉన్నా ఈరోజే ఆపించండి.

చెల్లెలి ప్రశ్న. స్క్వామస్ రకం సాధారణంగా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు జీన్ ద్వారా వచ్చేది కాదు. పొగాకు, మద్యం, పళ్లూ కూరగాయలూ తక్కువగా తినడం, కాలిపోయేంత వేడి టీ తాగడం ఇవీ కారణాలు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2016లో చెప్పింది. కుటుంబాల్లో వచ్చే రూపం ఒకటుంది, చాలా అరుదు. 1958లో లివర్‌పూల్ కుటుంబాల్లో మొదట రాశారు, ఆర్‌హెచ్‌బీడీఎఫ్2 అనే జీన్‌లో మార్పు కారణమని 2012లో తెలిసింది. వాళ్లకు అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం చిన్నప్పటి నుంచీ పసుపురంగు పట్టి దళసరిగా ఉంటుంది. నాన్నగారి అరికాళ్లు ఒకసారి చూడండి. వ్యవసాయం చేసినవాళ్లకు ఉండే మామూలు కాయలు తప్ప అలాంటిదేమీ లేకపోతే మీ ఇద్దరికీ ఏ జీన్ టెస్టూ వద్దు. పెట్ సీటీ రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, పేరు, నంబర్లు చెరిపేసి పెట్టండి, చూసి చెబుతాను.